గోదాలో తొమ్మిది నెలలు

టల్సా, ఓక్లహోమా
9 సెప్టెంబరు 1973

అక్కా,

ముందు ఈ ఉత్తరం పూర్తిగా చదువు. సగంలో మడిచి జేబులో పెట్టుకుని, మీ ధాన్యం కాటా మీదికొచ్చిన ప్రతి లారీ డ్రైవర్ మీదా అరవకు.

ట్రాక్టర్ల కొట్టులో నువ్వు మాట్లాడిపెట్టిన ఉద్యోగంలో నేను చేరలేదు. ఆ పనికే వెళ్తున్నానని చెప్పి బస్సెక్కిన మాట నిజం. ఒమాహాలో బస్సు ఆగిన మాటా నిజం. నేనే దిగలేదు.

కుస్తీల్లో చేరాను. శనివారం టీవీలో వస్తాయే, అవి.

కోప్పడకుండా ఒక్కటి ఆలోచించు. కాలేజీ జట్టులో నాలుగేళ్ళు హెల్మెట్ పెట్టుకుని ఎదుటివాణ్ణి ఢీకొట్టడం తప్ప నేను నేర్చుకున్నదేమిటి? మోకాలు పోయాక పెద్ద జట్లవాళ్ళు ఫోన్ చెయ్యడం మానేశారు. ఆగస్టంతా నీ వంటింట్లో కూచుని ఆ ఫోన్‌నే చూశాను. చూస్తున్నానని నీకు తెలుసు. తెలియనట్టు బంగాళాదుంపలు తరుక్కుంటూ కూచున్నావు. ఆ మేలు మరిచిపోను.

ఇక్కడ కుస్తీలు నడిపించే హోయ్ట్ పర్విస్ అనే ఆయన నా ఆట ఎప్పుడో చూశాడట. వచ్చిన మొదటిరోజే ఓ బట్టతల మనిషి చేతికి అప్పగించాడు. ఆ మనిషి నన్ను బోర్లా పడేసి, మెడ మీద మోకాలు పెట్టి, "ఇంటికి పోతావా, ఉంటావా?" అని అడిగాడు. ఉంటానన్నాను. ఇంకొంచెం నొక్కి మళ్ళీ అడిగాడు. రెండు గంటలు ఇదే ప్రశ్న, ఇదే జవాబు. చివరికి చెయ్యిచ్చి లేపి, "సరే, రేపు ఆరింటికి రా" అన్నాడు.

అక్కా, ఏడాది తర్వాత ఒక మనిషి నన్ను "రేపు రా" అన్నాడు.

నీ తమ్ముడు
లాడీ


వెసెలీ, నెబ్రాస్కా
18 సెప్టెంబరు 1973

ఒరేయ్ లాడీ,

పూర్తిగానే చదివాను. రెండుసార్లు. అరవడం ఆ తర్వాతే మొదలుపెట్టాను.

అమ్మ పోయేనాటికి నీకు తొమ్మిదేళ్ళు, నాకు ఇరవై మూడు. అప్పట్నుంచీ నీకు విరిగినవన్నీ నా వేళ్ళ మీద లెక్కే. మెడ కింద ఎముక, రెండు వేళ్ళు, ముక్కు రెండుసార్లు, చివరికి మోకాలు. ఇక చాలు తండ్రీ అని నేను ఊపిరి పీల్చుకుంటుంటే, విరగనివి ఇంకా ఏమున్నాయా అని వెతుక్కుంటూ పోయావు.

మా మేనేజరు స్టెపానెక్ ఏమన్నాడో తెలుసా? "అదంతా నాటకం బ్లాంచ్! ఎవడు గెలవాలో ముందే మాట్లాడుకుంటారు" అన్నాడు. నిజమేనా? నాటకమైతే నాకు సంతోషమే, దెబ్బలుండవు కదా. నాటకం కాకపోతే ఆ సంగతీ చెప్పు, కనీసం దేనికోసం మొక్కుకోవాలో తెలుస్తుంది. పెద్ద వ్యాసం అక్కర్లేదు. అవునో కాదో ఒక్క ముక్క రాయి.

ఇక్కడ జొన్న కోత మొదలైంది. తడి గింజ తెచ్చి పొడిదని బుకాయించే మహానుభావులతో రోజూ నాకూ కుస్తీయే. డిగ్రీకి నీకింకా మూడు సబ్జెక్టులు మిగిలాయి. నువ్వు మరిచిపోయినా నేను మరిచిపోలేదు.

అక్క
బ్లాంచ్


ఫోర్ట్ స్మిత్, ఆర్కన్సా
21 అక్టోబరు 1973

అక్కా,

నువ్వడిగిన ఆ ఒక్కటీ తప్ప అన్నీ రాస్తాను.

హోయ్ట్ నాకు కొత్త పేరు పెట్టాడు. ఇప్పుడు నేను ప్రొఫెసర్ కార్వర్‌ని. పవర్ లేని కళ్ళజోడు, మెళ్ళో టై, చంకలో లావుపాటి పుస్తకం. పుస్తకం పైన అట్ట గొప్పగా ఉంటుంది కానీ, లోపల ట్రాక్టర్ విడిభాగాల పట్టిక. గోదాలోకి దిగి, మైకు పుచ్చుకుని, "మీలో ఐదో క్లాసు దాటినవాళ్ళు చెయ్యెత్తండి, లెక్కపెట్టడానికి నా ఒక్క చెయ్యి చాలనుకుంటా" అంటాను. ఇక చూడు, కూల్‌డ్రింకు గ్లాసులు వర్షంలా పడతాయి.

నవ్వుతున్నావా? నువ్వు నవ్వాలనే రాశాను.

నువ్వడిగినదాని సంగతి. ఇక్కడ చేరేముందు నా చెయ్యి పట్టుకుని మాట తీసుకున్నారు. గోదా లోపలి సంగతి బయటివాళ్ళకి చెప్పకూడదు, కట్టుకున్నదానికైనా సరే. నాకు పెళ్ళాం లేదు కనక ఆ మాట నీ దగ్గరికొచ్చి ఆగింది. అవునన్నా మాట తప్పినట్టే, కాదన్నా తప్పినట్టే. ఇచ్చిన మాట నిలబెట్టుకోమని నేర్పింది నువ్వే కదా. ఇప్పుడు దాన్ని నా మీద కోపానికి వాడుకోకు.

లాడీ


వెసెలీ
15 జనవరి 1974

లాడీ,

ఇది రాయడానికి మూడురోజులు ఆగాను. మొదటిరోజే రాసుంటే కాగితం చిరిగిపోయేది.

మిలాడా పిన్ని మస్కోగీ నుంచి ఫోన్ చేసింది. శనివారం టీవీలో చూసిందట. కళ్ళజోడు పెట్టుకున్నా పోల్చుకుంది, అమ్మ గడ్డం కదా నీది. ఓర్వల్ టీగ్ అనే ఆయన కళ్ళల్లో సుద్దపొడి కొట్టావట. కళ్ళు కనబడక తడుముకుంటున్న మనిషిని పుస్తకంతో బాది, కుడిచెయ్యి విరిచావట. ఆయనకి యాభై ఒకటి! ఆ చుట్టుపక్కల ఇళ్ళల్లో ఆయన ఫొటో గోడలకి ఉంటుందట. పిన్ని ఏడుస్తోంది, నీ కోసం కాదు, ఆయన కోసం.

నువ్వు అవునో కాదో చెప్పనన్నప్పుడే నాకు అనుమానం తగిలింది. ఏదో జూదం ముఠాలో ఇరుక్కున్నావనుకున్నాను. అదే అయితే బాగుండేది. ఫుట్‌బాల్ ఆడిన నాలుగేళ్ళలో ఒక్కణ్ణీ వెనకనుంచి తన్నలేదని మీ కోచ్ ఈ ఇంటికొచ్చి మరీ చెప్పాడు. ఆ పిల్లాడు ఎక్కడికి పోయాడు?

నేను చెయ్యగలిగింది చేశాను. అమ్మ చేసే తీపి బన్నులే, కొలాచీలు, రెండు డజన్లు చేశాను, సగం గసగసాలు పెట్టినవి, సగం ప్లమ్ గుజ్జు పెట్టినవి. ఓర్వల్ గారి పేరున ఆ టీవీ స్టేషన్‌కి పంపాను. "మీ చెయ్యి విరిచినవాణ్ణి పెంచింది నేనే, ఎక్కడ తప్పు జరిగిందో తెలియడంలేదు, క్షమించండి" అని ఉత్తరం కూడా పెట్టాను.

ఆదివారం ఫాదర్ దగ్గర నా పాపాలతోపాటు నీదీ చెప్పుకున్నాను. "ఎవరి పాపాలు వాళ్ళే చెప్పుకోవాలమ్మా" అన్నాడాయన.

బ్లాంచ్


షావ్నీ, ఓక్లహోమా
3 ఫిబ్రవరి 1974

అక్కా,

ఎంత పని చేశావే!

నీ పెట్టె టీవీ స్టేషన్ నుంచి మా వెనక గదులకి వచ్చింది. ఇక్కడ జనానికి నచ్చేవాళ్ళ గది వేరు, మా గది వేరు. మాటలుండవు, ఒక కారులో ఎక్కరు, ఒక హోటల్లో తినరు. అలాంటిది, ఓర్వల్ గారు కట్టుకట్టిన చేత్తో పెట్టె పట్టుకుని మా గదిలోకే వచ్చేశారు. ఇంతవరకూ ఎవరూ చూడని విడ్డూరం. నీ ఉత్తరం నిలబడే చదివారు. చదివి, మడిచి, కోటు లోపలి జేబులో పెట్టుకున్నారు. ఒక గసగసాల కొలాచీ తీసి నా ఒళ్ళో పడేసి, "మీ అక్క నీకు పంపలేదు, నాకు పంపింది. ఇది నా దయ, తిను" అని వెళ్ళిపోయారు.

తిన్నాను. ఏం చెయ్యను, మన ఇంటి రుచి.

కానీ అక్కా, ఆయనకి మళ్ళీ రాయకు. నా తరఫున క్షమాపణలు అడగొద్దు. నేను చేసింది నేను చేశాను. ఆ విషయంలో పశ్చాత్తాపపడ్డానని నీకు అబద్ధం రాయలేను.

ఇంకొకటి చెప్పాలి, అర్థం చేసుకుంటావో లేదో. ఫుట్‌బాల్‌లో డెబ్భైవేల మంది మధ్య ఆడినా ఒక్క మొహం చూడలేదు. హెల్మెట్‌లోంచి ఎదుటివాడి మోచేతులు తప్ప ఏం కనబడతాయి? ఇక్కడ మూడొందల మందే, అందరూ కనబడతారు. షావ్నీలో మొదటి వరసలో ఒకావిడ కర్ర పుచ్చుకుని కుంటుకుంటూ వస్తుంది. నేను గోదాలోకి దిగానా, కర్ర గాల్లోకి లేస్తుంది. ఆవిడకి పదేళ్ళు తగ్గిపోతాయి! నన్ను తిట్టి తిట్టి ఇంటికెళ్ళేటప్పుడు కర్ర చంకలో పెట్టుకుని నడుస్తుంది. నాకీ పని ఇష్టమే అక్కా. సిగ్గుపడుతూ రాయడంలేదు.

లాడీ


వెసెలీ
1 మార్చి 1974

లాడీ,

పశ్చాత్తాపం లేదన్నావు. పైగా ఇష్టమే అన్నావు. సరే.

ఓర్వల్ గారు కార్డు రాశారు. ఇదీ ఆయన రాసింది: "అమ్మా, చెయ్యి బాగుపడుతోంది. కొలాచీలు అయిపోయాయి. మీ తమ్ముడంత జాగ్రత్త గల కుర్రాడితో నేనింతవరకూ తలపడలేదు."

చెయ్యి విరిచినవాణ్ణి జాగ్రత్త గలవాడంటున్నాడంటే ఆయన మహాత్ముడైనా అయ్యుండాలి, తలకి కూడా దెబ్బ తగిలైనా ఉండాలి. నాకైతే తల కొట్టేసినట్టుంది. కొన్నాళ్ళు నాకు రాయకు. నేనూ రాయను.

బ్లాంచ్


ఫోర్ట్ స్మిత్
28 ఏప్రిల్ 1974

అక్కా,

రాయొద్దన్నావు. ఇది ఉత్తరం కాదు, కార్డు.

ఓర్వల్ గారి కట్టు విప్పేశారు. పగ తీర్చుకోవడానికి మే 11న నాతో తలపడతారు. ఊరంతా పోస్టర్లే. ఆ వారం టీవీ చూడొద్దని పిన్నికి చెప్పు. నేను బాగానే ఉన్నాను.

లాడీ


వెసెలీ
4 జూన్ 1974

నాన్నా లాడీ,

నీ ఆసుపత్రి అడ్రసు ఓర్వల్ గారిచ్చారు. ముందు నా తప్పు ఒప్పుకోనీ. "చావుదెబ్బ తిని ప్రొఫెసర్ ఊరొదిలి పారిపోయాడు" అని టీవీలో చెప్పారని పిన్ని అంటే, నేను నమ్మాను. మూడు వారాలు నమ్మాను. పారిపోయినవాడు ఉత్తరమేం రాస్తాడులే అనుకున్నాను. అక్కనయ్యుండి ఒక్క ఫోన్ చెయ్యలేదు.

మొన్న మంగళవారం మధ్యాహ్నం కాటా మీదికి ధాన్యం లేకుండా ఒక కారు వచ్చి ఆగింది. కాటా చూస్తే కారుతోసహా ఆయన బరువు కనబడుతోంది. "ఇది లారీలకయ్యా, పక్కకి తియ్యి" అని అరిచాను. దిగి టోపీ తీశాడు. కుడిచేత్తోనే తీశాడు. గడ్డం కింద ఇంత కండ, చెవులు గోబీపువ్వుల్లా ఉన్నాయి. "బ్లాంచ్ అమ్మగారంటే మీరేనా? నేను ఓర్వల్‌ని. మీ కొలాచీలు తిన్నవాణ్ణి" అన్నాడు.

తొమ్మిది గంటలు కారు నడుపుకుంటూ వచ్చాడురా, ఒక్క మాట చెప్పడానికి.

స్టెపానెక్‌ని బయటికి పంపి తలుపు వేశాను. ఆయన కూచోలేదు. "అమ్మా, మూడు పదుల ఏళ్ళుగా ఈ సంగతి బయటివాళ్ళకి చెప్పలేదు. మా అత్తగారు నా చెయ్యి పట్టుకుని చచ్చిపోతూ అడిగింది, అప్పుడూ చెప్పలేదు. మీకు చెప్తాను. మీ తమ్ముడు నా చెయ్యి విరవలేదు. ఉత్తుత్తి కట్టు కట్టుకుని ఆ మూడు నెలలూ నేను చేపలు పట్టుకుంటూ కూచున్నాను" అన్నాడు.

ఏడవాలో, ఆయన్ని ఆ తూకం రాయితో కొట్టాలో తెలియలేదు. రెండు డజన్ల కొలాచీలు!

తర్వాత అసలు సంగతి చెప్పాడు. "మా పనిలో ఎవడి ఒళ్ళు వాడి చేతిలో ఉండదమ్మా. నన్నెత్తినవాడికి నా ఒళ్ళు అప్పగిస్తాను. ఎత్తినదాన్ని భద్రంగా దించాలి, అదే మా విద్యంతా. మే 11న, ఆ పగ తీర్చుకునే పోటీలో, నన్ను తలకిందులుగా ఎత్తాడు. ఎత్తాక వాడి మోకాలు టప్‌మంది, నా చెవికి వినబడింది. వదిలేస్తే కాలు దక్కేది, నేను నెత్తి మీద పడేవాణ్ణి. ఈ వయసులో ఆ పడడం పడితే మీ ముందిలా నిలబడను. వాడు వదల్లేదు. అదే కాలి మీద తిరిగి, తను కిందికొచ్చి, నన్ను పరుపు మీద పసిపిల్లాణ్ణి పడుకోబెట్టినట్టు తన మీద పడేసుకున్నాడు. ఆ కాలు ఎటు వంగిందో నేను చెప్పను."

"మరి జనం?" అన్నాను.

"జనం బల్లలెక్కి చప్పట్లు కొట్టారు. నేను గెలిచానుగా! చెయ్యెత్తాలి, ఎత్తాను. ఎన్నో వేలసార్లు ఎత్తిన చెయ్యి. ఆ రోజు బరువనిపించింది."

వాడి చెయ్యి మామూలుగానే ఉందిరా లాడీ. కాఫీ కప్పు కుడిచేత్తోనే పట్టుకున్నాడు. నేను దాన్నే చూస్తూ కూచున్నాను.

నీ మీద నేనన్న మాటలన్నీ వెనక్కి తీసుకుంటున్నాను, ఒక్కటి తప్ప. ఎక్కడికి పోయాడు ఆ పిల్లాడు అని అడిగాను కదా. ఎక్కడికీ పోలేదని తెలిసింది. నొప్పి ఎలా ఉంది? అబద్ధం రాయకు.

అక్క
బ్లాంచ్

(ఓర్వల్ గారిని వాడు, ఆయన అని కలిపి రాశానని ఇప్పుడు చూసుకున్నాను. కోపమూ గౌరవమూ ఒకేసారి వస్తే ఇలాగే ఉంటుంది.)


లిటిల్ రాక్, ఆర్కన్సా
23 జూన్ 1974

అక్కా,

ఆయన నీ దగ్గరికొచ్చారని నాకు తెలియదు. నీ ఉత్తరం చదివి దిండులో మొహం పెట్టుకున్నాను. పక్క మంచం ఆయన నర్సుని పిలిచాడు, నొప్పనుకుని.

నొప్పి ఉంది. ఆపరేషన్ రెండుసార్లు చేశారు. గోదా ఎక్కడం ఇక లేదు, ఇది డాక్టరు నోటితోనే చెప్పాడు. తొమ్మిది నెలలు, అంతే. మొదటి వారం గోడవైపు తిరిగి పడుకున్నాను. మన వంటింట్లో ఆగస్టు నెల మళ్ళీ వచ్చినట్టనిపించింది. అందుకే రాయలేదు.

తర్వాత మిసెస్ లవీనియా పెటస్ వచ్చింది.

డెబ్భై నాలుగేళ్ళావిడ. తుంటి విరిగి ఆపరేషనయ్యి రెండు నెలలైనా మంచం దిగనంటోంది. మళ్ళీ పడతానని భయం. డాక్టర్లు బతిమాలారు, కూతుళ్ళు ఏడ్చారు, ఊహూఁ. ఒకరోజు నన్ను చక్రాల కుర్చీలో ఆవిడ గది ముందు నుంచి తీసుకెళ్తున్నారు. లోపల్నుంచి ఒక చెప్పు ఎగిరొచ్చి నా చెవికి తగిలింది. "ఒరేయ్ ప్రొఫెసర్! ఓర్వల్ చెయ్యి విరిచినవాడివి నువ్వే కదూ? నా తుంటి విరిగింది కానీ చెయ్యి బాగానే ఉందిరా!"

నాకు చాలా రోజుల తర్వాత ప్రాణం లేచొచ్చింది. కుర్చీ ఆపించి, "ఏం ముసలమ్మా, ఐదో క్లాసు దాటావా?" అన్నాను.

అక్కా, ఆవిడ మంచం దిగింది. నన్ను కొట్టడానికి నాలుగడుగులు నడిచింది! నర్సు నోరు తెరుచుకుని చూస్తోంది. నాలుగో అడుగు దగ్గర ఆవిడకే తెలిసింది నడిచానని. అప్పుడు భయపడి గోడ పట్టుకుంది.

మర్నాడు వ్యాయామం చేయించే హెడ్డు, మిస్ కల్పెప్పర్, నా మంచం దగ్గరకొచ్చి, "నువ్వావిణ్ణి రోజూ తిట్టాలి" అంది. తిడుతున్నాను. ఇప్పుడు ఇరవై అడుగులు నడుస్తోంది. కానీ పడిపోతానన్న భయం తిట్లకి పోదు కదా. అందుకని కింద మెత్తటి పరుపు వేయించి, నిన్నట్నుంచి పడడం నేర్పుతున్నాను. గడ్డం ఛాతీకి ఆనించాలి, ఊపిరి వదిలెయ్యాలి, దెబ్బని ఒక్కచోట ఆపకుండా ఒళ్ళంతా పంచాలి. ముందు పరుపు మీద కూచుని పక్కకి ఒరగడం, అంతే. "ఇదంతా ఎక్కడ నేర్చుకున్నావురా?" అంది. ఫుట్‌బాల్‌లో అని అబద్ధం చెప్పాను. పదోసారి ఒరిగాక పడుకునే నవ్వింది. "పడడమంటే ఇంతేనా?" అంది.

ఇప్పుడు ఆ వార్డులో ఇంకో ఆరుగురు అడుగుతున్నారు. కల్పెప్పర్ నన్ను ఇక్కడే సహాయకుడిగా ఉండిపొమ్మంటోంది. మిగిలిన మూడు సబ్జెక్టులు రాసేస్తే ఫిజియోథెరపీ చదువుకి సిఫారసు చేస్తానంది. ఏం చెయ్యమంటావు?

లాడీ

(ఓర్వల్ గారు ప్రతి ఆదివారం వస్తున్నారు. మమ్మల్నిద్దర్నీ కలిపి ఎవరైనా చూస్తే ప్రమాదమని, వెనక మెట్లమీంచి, ఆడవాళ్ళ టోపీ పెట్టుకుని. ఆరడుగుల మూడంగుళాల ఆడమనిషిని ఎవరూ గుర్తుపట్టరని ఆయన నమ్మకం.)


వెసెలీ
6 అక్టోబరు 1974

లాడీ,

క్షేమంగా ఇల్లు చేరాను. ఏం చెయ్యమంటావని జూన్‌లో అడిగి, నా జవాబు కోసం ఆగకుండా పరీక్షకి కట్టేశావు చూడు, అందుకే నిన్ను చూడ్డానికి వచ్చాను. ముప్ఫై ఎనిమిదేళ్ళలో మొదటిసారి ఈ రాష్ట్రం దాటాను. కర్రతో నువ్వెదురొస్తుంటే ముందు నీ కాలే చూశాను, కోప్పడకు. తర్వాత మొహం చూశాను. మొహం బాగుంది.

మిసెస్ పెటస్ నన్ను పక్కకి పిలిచి ఏమందో నీకు చెప్పలేదు. "నీ తమ్ముడు దుర్మార్గుడే కానీ, చేతులు మాత్రం మంచివి" అంది. నేను ఏమీ విప్పి చెప్పలేదు. "అవునండీ, చిన్నప్పట్నుంచీ అంతే" అన్నాను.

తిరుగు ప్రయాణంలో ఏం జరిగిందో విను. ఫోర్ట్ స్మిత్‌లో ఒకావిడ బస్సెక్కి నా పక్కన కూచుంది. రెండు సంచులు, ఒళ్ళో ఒక పూలకుండీ, కాళ్ళ దగ్గర ఇంకొకటి. నాకు మిగిలింది జానెడు చోటు. కాసేపయ్యాక మాటల్లో కుస్తీలు వచ్చాయి. ఓర్వల్ అంటే ఆవిడకి దేవుడు. "ఆ ప్రొఫెసర్ కార్వర్ గాడని ఒకడుండేవాడు చూడండి. దొంగ సచ్చినోడు! ఓర్వల్ చేతిలో చావుదెబ్బలు తిని పారిపోయాడు. ఇప్పుడెక్కడ అఘోరిస్తున్నాడో" అంది.

నాలుక చివరి దాకా వచ్చిందిరా. అంతా చెప్పెయ్యాలని, ఆ చెయ్యి విరగలేదనీ, నువ్వెవర్ని కాపాడి ఎందుకు పడ్డావో, అంతా. ఆవిడ మొహం చూశాను. ఓర్వల్ గెలిచిన ఆ రోజుని తలుచుకుని ఎంత వెలిగిపోతోందో ఆ మొహం. అది నువ్వూ ఆయనా కలిసి ఇచ్చినదే కదా. మింగేశాను.

"వాడు మా తమ్ముడేనండీ" అన్నాను.

ఆవిడ పూలకుండీ గుండెలకి హత్తుకుంది. "ఆఁ? మరి... ఇప్పుడేం చేస్తున్నాడు?"

"లిటిల్ రాక్ ఆసుపత్రిలో ఉన్నాడు. రోజూ పొద్దున్నే ముసలమ్మల్ని కింద పడేస్తుంటాడు" అన్నాను.

రెండు సంచులూ రెండు కుండీలూ తీసుకుని వెనక సీట్లోకి వెళ్ళిపోయింది. జోప్లిన్ దాకా కాళ్ళు చాపుకుని, కిటికీ పక్కన, రెండు సీట్లలో నేనొక్కదాన్నే రాణిలా వచ్చాను.

నీ అక్క
బ్లాంచ్